పదమూడు గంటల ఫ్లైట్‌లో కంప్రెషన్ సాక్స్: నా రివ్యూ

హాయ్ అండీ. ఇదిగో, ఈ సాక్స్ చూడండి. చూడ్డానికి మామూలు మేజోళ్లే, కానీ మొదటిసారి వేసుకునేసరికి నాకు చెమటలు పట్టాయి. లాంగ్ ఫ్లైట్‌లో కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా వేసుకునేవి ఇవి. వెళ్లేటప్పుడు ఒక కంపెనీవి, వచ్చేటప్పుడు ఇంకో కంపెనీవి వాడాను. పేర్లు చెప్పను, ఎందుకంటే తేడా కంపెనీలో కాదు, సైజులో వచ్చింది.

అసలు ఇవెందుకంటే, కాళ్లలోని రక్తం పైకెక్కాలంటే పిక్క కండరం ఆడుతూ ఉండాలి, నడిచినప్పుడల్లా అది పంపులా పనిచేస్తుంది. మనమేమో కిటికీ పక్కన కూర్చుని, పక్కవాళ్లు నిద్రపోతున్నారు కదా అని మొహమాటంతో గంటల తరబడి లేవం, దాంతో రక్తం అక్కడే నిలిచిపోతుంది. లోపలి సిరలో గడ్డ కడితే డీవీటీ అంటారు, అది ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. ‘ఎకానమీ క్లాస్ సిండ్రోమ్’ అంటారు గానీ, బిజినెస్ క్లాసులో కదలకుండా పడుకున్నా అంతే. అసలు విమానమే అక్కర్లేదు, 1940లో లండన్‌లో బాంబులు పడుతున్నప్పుడు షెల్టర్లలో రాత్రంతా కుర్చీల్లో గడిపినవాళ్లలో కూడా ఈ చావులు కనిపించాయి.

టెన్షన్ పడకండి. నాలుగు గంటలు దాటిన ప్రయాణంతో ముప్పు దాదాపు రెట్టింపవుతుందని, అయినా సుమారు 6,000 మందిలో ఒకరికే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో లెక్క చెప్పింది.

మరి సాక్స్ పనిచేస్తాయా? వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2016 సమీక్షలో 2,637 మంది ప్రయాణికుల్ని చూస్తే, లక్షణాలేమీ లేని గడ్డలు 50 మందిలో దొరికాయి. వాళ్లలో సాక్స్ వేసుకున్నవాళ్లు ముగ్గురే, మిగతా 47 మందీ వేసుకోనివాళ్లు. నన్ను ఒప్పించింది ఈ లెక్కే.

ఇక నా పొరపాటు. మొదటి జత బూట్ల సైజు చూసి కొన్నాను. రెండు గంటల్లో పై అంచు చుట్టుకుపోయి, మోకాలి కింద తాడు కట్టినట్టు బిగిసింది, విప్పితే ఎర్రటి గీత. రక్తం సాఫీగా పోవడానికి వేసుకున్నది దానికే అడ్డం పడితే ఏం లాభం? రెండో జతకి పొద్దున్నే, కాళ్లు వాయకముందే, చీలమండ దగ్గర, పిక్క లావుగా ఉన్న చోట టేపుతో కొలుచుకున్నాను. మడమ దాకా తిరగేసి, ముందు పాదం దూర్చి, మెల్లగా పైకి లాగాలి. పదమూడు గంటలూ చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోనుపోను వదులుగా, అసలు వేసుకున్న సంగతే మర్చిపోయాను.

సాక్స్ ఉన్నాయి కదా అని కదలకుండా కూర్చోవద్దు. నడవా పక్క సీటు అడగండి, మడమలు ఎత్తి దించుతూ ఉండండి, నిద్రమాత్ర వేసుకుని పడిపోకండి. ఇంతకుముందు గడ్డ వచ్చినవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, క్యాన్సర్ ఉన్నవాళ్లు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు ముందే డాక్టర్‌ని అడగాలి. కాళ్లకి రక్తం సరిగ్గా అందనివాళ్లయితే ఈ సాక్సే చెరుపు చేయొచ్చు. సొంతంగా ఆస్పిరిన్ మింగడం కూడా వద్దు.

దిగాక ఒక్క కాలే వాచి, పిక్క నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ప్రయాణమై రెండు వారాలైందిలే అనుకోవద్దు, ఫ్లైట్ సంగతి డాక్టర్‌కి మీరే ముందు చెప్పండి.