నీళ్లకు 'ఇజ్', ప్యాంటుకు 'ఆర్'
(హనుమకొండలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇంగ్లీషులో మాట్లాడమంటే మనకు టెన్షన్ మొదలయ్యేది క్రియ దగ్గరే. 'హి గో' అనాలా, 'హి గోస్' అనాలా? నిజానికి దీనికి భయపడాల్సినవాళ్లం మనం కాదు. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి అంటూ కర్త మారితే చాలు, క్రియ చివర మార్చేస్తాం. బడి మొహం చూడని పిల్లవాడు కూడా ఇందులో తడబడడు. ఇంగ్లీషు క్రియలకూ ఒకప్పుడు ఇలాంటి ప్రత్యయాలు చాలానే ఉండేవి, దాదాపు అన్నీ ఊడిపోయాయి. వర్తమానంలో హి, షి, ఇట్‌లకు ఒక్క 'ఎస్' మిగిలింది. యామ్, ఇజ్, ఆర్ సంగతి వేరు, అవి పాత కాలపు మొండివాళ్లు.

మరి ఆ ఒక్క ఎస్ ఎందుకు జారిపోతుంది? రూల్ తెలియక కాదు. పరీక్షలో ఖాళీలు పూరించమంటే అందరూ పూరిస్తారు. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది. 'ఆస్క్స్', 'వర్క్స్' అని హల్లులు చివర్లో గుంపు కడితే నోరు ఒకదాన్ని మింగేస్తుంది. కాబట్టి దీన్ని నోట్సులో రాసుకుని లాభం లేదు, పైకి అనాలి. డస్ వచ్చిన చోట మాత్రం ఇంకో ఎస్ తగిలించకండి. 'డస్ హి వర్క్' చాలు.

అసలు చిక్కు లెక్కలో ఉంది. నల్లా తిప్పితే నీళ్లు వస్తాయి. పాలు విరుగుతాయి, పైసలు అయిపోతాయి. మనకివన్నీ బహువచనాలు. అందుకే 'వాటర్ ఆర్ కమింగ్', 'మనీ ఆర్ ఓవర్' అని నోటికి వచ్చేస్తుంది. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి ధర పడిపోయిందని వార్తలు వచ్చాయనుకోండి, 'న్యూస్ ఆర్ బ్యాడ్' అంటాం. ఇంగ్లీషులో వీటన్నిటికీ ఇజ్. ప్యాంటు, కత్తెర దగ్గర మాత్రం తిరకాసు. మనకు ఒక్కటే, వాళ్లకు రెండు కాళ్లు, రెండు అలుగులు. అక్కడ ఆర్.

మర్యాద కూడా మనల్ని పడేస్తుంది. 'మా సార్ వచ్చారు' అనే అలవాటుతో కొందరు 'అవర్ సార్ ఆర్ కమింగ్' అంటారు. ఇంగ్లీషులో రాష్ట్రపతికైనా ఇజ్జే, ఆ భాషలో గౌరవం క్రియలో ఉండదు. 'ఎవ్రీబడీ'ని చూసి 'అందరూ' అనుకుని హావ్ పెట్టేస్తాం. హాజ్ అనాలి.

ఒక్కచోట తెలుగే కాపాడుతుంది. కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ ఇంటర్వ్యూలకు పోయే పిల్లల నోట ఎక్కువగా వినేది 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్ ఆర్'. ఇందులో తప్పులు రెండు. తెలుగులో అనుకోండి: 'మా దోస్తుల్లో ఒకడు నర్సంపేటలో ఉంటాడు.' దోస్తులు బహువచనం, ఉండేది ఒకడు. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ లివ్స్ ఇన్ నర్సంపేట.' అచ్చం అదే లెక్క.

'దేర్స్ టూ బుక్స్' అని ఇంగ్లీషువాళ్లే మాటల్లో అనేస్తారు. మీరు రాసేటప్పుడు 'దేర్ ఆర్' రాయండి, మాటల్లో దొర్లితే నిద్ర పాడుచేసుకోకండి. ఇక క్రికెట్ కామెంటరీ. బ్రిటిష్ వ్యాఖ్యాత 'ఇండియా ఆర్ బ్యాటింగ్' అంటాడు, జట్టంటే పదకొండు మంది కదా. అమెరికన్లు జట్టును ఒక్కటిగా లెక్కేసి 'ది టీమ్ ఇజ్' అంటారు. రెండూ ఒప్పే, ఎవరు దిద్దినా దిద్దించుకోకండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.