గల్లాపెట్టె పక్కన వేలాడే కవర్ల కట్ట

అధ్యక్షులకు, కార్యదర్శిగారికి, కొట్లు మూసుకుని మరీ ఈ సభకు వచ్చిన విజయనగరం జిల్లా కిరాణా వర్తక మిత్రులందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా సంబోధించడం మర్యాదే గాని, భోజనాల వేళకు ముగించాలని కార్యదర్శిగారు నా చెవిలో వేశారు కాబట్టి ఆ మర్యాదను కుదించుకుంటున్నాను. రేపటి రోజుల్లో చిన్న కొట్టు నిలబడటం ఎలా అన్న అంశాన్ని నాకు అప్పగించారు. దానిమీద నాకన్నా బాగా మాట్లాడగలవారు నా తర్వాత ఇద్దరున్నారు. ముప్పై ఎనిమిదేళ్లు గల్లాపెట్టె ముందు కూర్చుని, ఇప్పుడు దాన్ని మా అబ్బాయికి అప్పగించిన నాకు మీతో చెప్పవలసిన మాట ఒక్కటే ఉంది: మనం కవర్లు ఇవ్వడం మానాలి. పలచనివి మాని దళసరివి ఇవ్వడం గురించి నేను మాట్లాడటం లేదు, అసలు ఇవ్వడమే మానాలంటున్నాను.

జనం అడుగుతున్నారు కాబట్టి ఇస్తున్నామని మనమందరం చెబుతాం. మా నాన్నగారి హయాంలో వెచ్చాలకు వచ్చే మనిషి ఒక చేత సంచి, మరో చేత నూనె సీసా పట్టుకుని వచ్చేవాడు. కొట్టు నడుమ దూలానికి పురికొస ఉండ వేలాడుతూ ఉండేది; నాన్నగారు కందిపప్పు తూచి కాగితంలో పోసి, కొసలు మడిచి, ఉండ నుంచి దారం లాగి రెండు చుట్లు చుట్టి పుటుక్కున తెంపేవారు. ఆ రోజులన్నీ బంగారు రోజులని నేను అనను. సిరా అంటిన పాత పేపర్లలో తినే వస్తువులు కట్టవద్దని ఆహార భద్రతా సంస్థ వారు చెప్పినది సబబే. అయితే సంచి తేవడం మాత్రం కొనేవారి పని అన్న సంగతిలో అప్పట్లో ఎవరికీ సందేహం ఉండేది కాదు. 1990లలో మా వీధిలోనే మరో కొట్టు తెరిచినప్పుడు, బేరం అటు పోతుందన్న భయంతో కవర్లు ఊరికే ఇవ్వడం మొదలుపెట్టింది నేనే. వాటి మీద కొట్టు పేరు ఎర్ర అక్షరాలతో అచ్చు వేయించాను. రెండేళ్లు తిరిగేసరికి మా వీధిలో సంచితో వచ్చేవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చేతులూపుకుంటూ రావడం జనం తమంతట తాము నేర్చుకోలేదు, మనం నేర్పాం.

ఆ ఎర్ర అక్షరాల సంగతి మీకు చెప్పి తీరాలి. మా ఇంట్లోవాళ్లు దీన్ని పాతికసార్లు విన్నారు, మీరు ఒక్కసారి వినండి. ఒక వానాకాలం మా వీధి మురుగుకాలువ పొంగి, గుడి ముందు మోకాలి లోతు నీరు నిలిచింది. వాన వెలిసిన మర్నాడు మున్సిపాలిటీ కార్మికులు గునపాలతో పలకరాళ్లు లేపి, తూము దగ్గర అడ్డుపడిన చెత్తను బయటికి లాగి రోడ్డు మీద కుప్ప పోశారు. ఆ కుప్పలో ముప్పాతిక వంతు కవర్లే. నల్లటి బురద కారుతున్నా అక్షరాలు మాత్రం చెక్కు చెదరలేదు. వారిలో ఒక పెద్దావిడ ఒకదాన్ని పారకొసతో ఎత్తి, “ఈ కొట్టు ఎవరిది బాబూ, పేరు మంచి రంగులో వేయించారు” అని నన్నే అడిగింది. ఆవిడ వెటకారంగా అన్నదో, మామూలుగా అన్నదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నాది కాదని మాత్రం చెప్పలేకపోయాను, ఎందుకంటే నా వెనుకనే కొట్టు బోర్డు ఉంది.

ఇక చట్టం సంగతికి వస్తే, అది మనల్ని ఆడించిన తీరు మీద నాకూ కోపముంది. కవరు మందం కనీసం 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలని 1999లో అన్నారు, 2011లో 40 అన్నారు, 2016లో 50 అన్నారు. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 అన్నారు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందంటారు. పప్పులు తూచుకునే మనం ఆ తేడాను కంటితో ఎలా పట్టగలం? ఒకసారి కొలత పరికరంతో తనిఖీకి వచ్చినవారు మా కొట్లో కట్టను కొలిచి అయిదు వేలు జరిమానా రాశారు. ఆ కట్ట మీద మాత్రం సరైన మందమే అచ్చు వేసి ఉంది. దాన్ని తయారుచేసినవాడి గడప ఎవరూ తొక్కలేదు, నాకు అమ్మిన హోల్‌సేల్ వ్యాపారి మర్నాడు కూడా అదే సరుకు అమ్మాడు. ఈ అన్యాయం గురించి నేను ఎంతసేపైనా మాట్లాడగలను, మీలో చాలామంది నాతో గొంతు కలుపుతారు. కాని నిజం దాచడం ఎందుకు? కిలో ధర అంత తక్కువకు వస్తున్నప్పుడే అది పలచని సరుకని నాకు తెలుసు.

మందం పెంచడంలో ఉన్న ఆలోచన తప్పు కాదు. పలచని కవర్లు ఎన్ని ఏరినా కిలో తూగవు కాబట్టి చెత్త ఏరుకునేవారు వాటిని ముట్టరు. దళసరివైతే ఏరుతారని, ఖరీదు పెరిగితే మనం ఊరికే ఇవ్వడం మానేస్తామని చట్టం చేసినవారి అంచనా. అంతకుముందే, 2011 నిబంధనల్లోనే, దుకాణదారుడు కవరును ఉచితంగా ఇవ్వకూడదని రాశారు. ఆ సంగతి ఈ హాల్లో ఎందరికి తెలుసు? 2016లో, కవర్లు ఇచ్చే దుకాణాలు స్థానిక సంస్థలో నమోదై నెలకు కనీసం 4,000 రూపాయల చొప్పున ఏడాదికి 48,000 కట్టాలన్నారు, 2018లో దాన్ని తీసేశారు. కాలిఫోర్నియాలోనూ ఇదే తంతు జరిగింది. 2016లో ప్రజలు ఓటు వేసి మరీ పలచని సంచులను నిషేధిస్తే, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చన్న పేరుతో దళసరి ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. జనం వాటినీ ఒక్కసారి వాడి పారేయడంతో, 2026 జనవరి నుంచి వాటినీ ఆపేలా 2024లో ఇంకో చట్టం చేయవలసి వచ్చింది. దళసరి కవరు ఇస్తే మన పని తీరిపోతుందనుకునేవారు ఈ సంగతి ఆలోచించాలి.

ఈ రోజు ఇంటి నుంచి గుడ్డ సంచి తెచ్చుకున్నవారు ఒక్కసారి చేతులెత్తండి. ఏడుగురు. ఇది వర్తకుల సభ, మన ఖాతాదారులను మనం తప్పుపట్టలేం.

పశువుల మాట కూడా చెప్పాలి. మిగిలిన అన్నాన్ని కవర్లో మూతిముడి వేసి వీధిలో పారేస్తే, ఆవు ఆ ముడి విప్పుకోలేదు, కవరుతో సహా మింగుతుంది. అది అరగదు, బయటికి రాదు, పొట్ట మొదటి అరలో ముద్దలా పేరుకుంటుంది. కడుపు నిండినట్టే ఉంటుంది గనుక ఆవు మేత మాని చిక్కిపోతుంది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వారు అలాంటి ఆవులకు శస్త్రచికిత్స చేయించి, పదుల కిలోల ప్లాస్టిక్‌ను బయటికి తీయించి, 2012లో ఆ విషయాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లారు. శుక్రవారం పూట కొట్టు ముందుకు వచ్చిన ఆవుకు అరటిపండు పెట్టి దండం పెట్టుకునే మనమే, సాయంత్రానికి దాని కడుపులోకి పోయే కవరును ఊరికే పంచుతున్నాం.

బేరం పోతుందన్న భయానికి ఐర్లండ్ ఒక సమాధానం. అక్కడ 2002లో ఒక్కో ప్లాస్టిక్ సంచికి 15 సెంట్ల పన్ను వేసి కొనేవారి దగ్గరే వసూలు చేయిస్తే, వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. కొట్లేమీ మూతపడలేదు. అన్ని కొట్లూ ఒకేసారి మొదలుపెట్టడం వల్ల ఎవరి బేరమూ పక్కకొట్టుకు పోలేదు. బంగ్లాదేశ్ మరో రకం సమాధానం. 1988, 1998 వరదల్లో కాలువలకు అడ్డుపడ్డాయని 2002లోనే పలచని పాలిథిన్ సంచులను నిషేధించిన తొలి దేశమది. కాని అమలు సడలడంతో 2024 అక్టోబరులో సూపర్‌మార్కెట్ల నుంచి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. మాట అనడం కన్నా మాట మీద నిలబడటమే కష్టం, మన సంఘానికీ ఆ గండం ఉంది.

కవరు బదులు ఏమివ్వాలని అడుగుతారు. ఏమీ ఇవ్వకపోవడమే అన్నిటికన్నా మేలు. బజార్లో గుడ్డలా కనిపించే రంగురంగుల సంచులు కూడా చాలావరకు పాలీప్రొపిలిన్, అంటే ప్లాస్టిక్కే. కొత్త నూలు సంచి పంచిపెట్టినా పుణ్యం రాదు. పత్తి పండించడానికి, నేయడానికి అయ్యే ఖర్చు లెక్కవేసి, వాతావరణానికి కలిగే హానిలో పలచని కవరుతో సమానం కావాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలని బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో తేల్చింది. ఆ లెక్కన ఇంట్లో పాత ప్యాంటుతోనో చీరతోనో కుట్టిన సంచిని మించింది లేదు. అమ్మాలనుకుంటే గోనె సంచి అమ్మండి. మన జిల్లాలోనూ శ్రీకాకుళంలోనూ రైతులు గోగు పండించి, చెరువుల్లో ఊరవేసి, నార తీసేవారు. నెల్లిమర్ల జూట్ మిల్లు చుట్టూ ఎన్ని కుటుంబాలు బతికాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ప్లాస్టిక్ బస్తాలు వచ్చి ఆ నార విలువ పోగొట్టాయి. మన ఊరి నారతో నేసిన సంచి మన కొట్లో ఉండటం నాకు ముచ్చట, అది వ్యాపారమో అభిమానమో మీరే అనుకోండి. సంచి మీద పేరు మాత్రం వేయించకండి. తన పేరు అచ్చు వేసుకున్న కాగితపు సంచికి 3 రూపాయలు తీసుకున్న ఒక దుకాణానికి 2019లో చండీగఢ్ వినియోగదారుల ఫోరం జరిమానా వేసింది. పేరు వేయించుకున్న ఫలితం నాకు ఆ తూము దగ్గరే తెలిసింది.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. నేను రాసుకొచ్చిన తీర్మానం చదువుతాను: రాబోయే సంక్రాంతి నుంచి ఈ సంఘంలోని ఏ కొట్టూ, ఏ మందం కవరునైనా, ధరకు గాని ఊరికే గాని ఇవ్వదు, సంచి మరిచి వచ్చినవారికి 30 రూపాయలు బయానా తీసుకుని గోనె సంచి ఇస్తుంది, దాన్ని సంఘంలోని ఏ కొట్లో తిరిగి ఇచ్చినా ఆ 30 రూపాయలు వాపసు చేస్తుంది, ఒక్క కొట్టు తప్పినా మిగతావారు ముందు ఆ కొట్టుకు వెళ్లి అడుగుతారు. అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే, అందరూ వినేలా లేచి చెప్పండి. నేను కూర్చుంటున్నాను.