పదేళ్ళు నిండకపోయినా పెన్షన్ ఉంది

అందరికీ నమస్కారం. ఆదివారం పూట నిద్ర మానుకుని వచ్చారు, అందుకే నేరుగా సంగతికొస్తా.

బెంగళూరు ఫ్యాక్టరీల పేట ఈ పీణ్యలో మన హిందూపురం, మడకశిర, ఆదోని వైపు వాళ్ళని ఎవరిని కదిపినా ఒకటే మాట, "పీఎఫ్ పెన్షనా? పదేళ్ళ సర్వీసుండాలి, 58 ఏళ్ళు రావాలి, మనదాకా ఎక్కడొస్తుందన్నా!" మామూలు పెన్షన్‌కి అది నిజమే. కానీ ఉద్యోగంలో ఉండగా మనిషికి శాశ్వతంగా, పూర్తిగా వైకల్యం వస్తే ఆ లెక్క లేదు. పీఎఫ్‌కి జతగా ఉన్న 1995 పెన్షన్ పథకంలో ఒక్క నెల చందా జమై ఉంటే చాలు. దెబ్బ ఫ్యాక్టరీలోనే తగలాలని కూడా లేదు, సెలవు రోజు బండి మీద ఊరికి పోతూ పడ్డా, పక్షవాతం వచ్చినా, అప్పటిదాకా చేయగలిగిన ఏ పనీ ఇక చేయలేడని మెడికల్ బోర్డు తేలిస్తే వస్తుంది. 10డి ఫారం పెట్టాలి. ఎంతొస్తుందంటారా? కనీసం 1,000 రూపాయలు, 2014 నుంచీ అదే అంకె, బెంగళూరులో దాంతో ఏమొస్తుందో మీకు నేను చెప్పాలా! అయినా బతికున్నన్నాళ్ళూ వచ్చేదాన్ని వదులుకోవడం దేనికి?

వదులుకోవడం ఎలా జరుగుతుందంటే, మంచాన పడ్డ మనిషి దగ్గరికి ఎవరో వచ్చి 10సి అనే ఇంకో ఫారం మీద సంతకం పెట్టించి పెన్షన్ డబ్బు ఒకేసారి తీయించేస్తారు. ఆస్పత్రి బిల్లు కళ్ళ ముందుంటుంది, ఇంట్లోవాళ్ళూ సరే అంటారు. సభ్యత్వం అక్కడితో సరి. ఆ సంతకానికి ముందు మమ్మల్ని ఒక్కసారి అడగండమ్మా.

ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా, దానిది వేరే దారి, నన్నడిగితే ఇదే మేలు. జీతం 21,000 లోపు ఉండి పనిలో దెబ్బ తగిలితే ఎన్ని రోజుల చందా కట్టావని అడగరు, చేరిన మొదటి రోజే ప్రెస్ మిషన్‌లో వేలు పోయినా హక్కే. పూర్తి వైకల్యం కానక్కర్లేదు. బొటనవేలు పోతే సంపాదనశక్తి 30 శాతం పోయినట్టు లెక్క. రోజు జీతం 600 అనుకోండి, ఈఎస్ఐ లెక్కేసేది అందులో 90 శాతం మీద, అంటే 540, దాంట్లో 30 శాతం 162, రోజుకి అంత చొప్పున జీవితాంతం. మళ్ళీ పనిలో చేరినా ఆగదు. షిఫ్టుకి వచ్చే దారిలో యాక్సిడెంట్ అయినా, అది పనికోసం చేసిన ప్రయాణమేనని తేలితే ఇందులోకే వస్తుంది.

కాకపోతే ప్రమాదం కాగితం మీదికి ఎక్కాలి. సూపర్‌వైజర్ పక్క వీధి నర్సింగ్ హోంకి తీసుకెళ్ళి "ఖర్చంతా మాదే, రిపోర్ట్ ఎందుకు" అన్నాడంటే జాగ్రత్తపడండి, కట్టు కట్టించిన పుణ్యం వాళ్ళది, పోయేది మీ హక్కు.

వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చిన తమ్ముళ్ళకో మాట. 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, అప్పటికే బేసిక్, డీఏ కలిపి 15,000 దాటి ఉంటే మీకు పెన్షన్ వాటా అసలు కట్టరు, కాబట్టి నేను మొదట చెప్పింది మీకు వర్తించదు. మిగతావాళ్ళు ఫోన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి, యజమాని వాటాలోంచి 8.33 శాతం, అంటే 15,000 మీదైతే 1,250, పెన్షన్ గడిలో కనబడాలి. అక్కడ సున్నా ఉన్నవాళ్ళు టీ బ్రేక్‌లో నా దగ్గరికి రండి.