బటన్ వెలిగిందని నొక్కీకండి: జెన్‌షిన్‌లో నేషనల్ టీమ్ బర్స్ట్‌ల వరస

నమస్కారం అందరికీ. విజయనగరం గంటస్తంభం నుంచి పలాస దాకా, చేతిలో ఫోను కాలిపోతున్నా జెన్‌షిన్ ఇంపాక్ట్ వదలని మనోళ్లందరికీ స్వాగతం.

ఈ వీడియోలో ఒకటే సంగతి. షియాంగ్‌లింగ్ అనే పాత్రతో బర్స్ట్, అంటే ఎనర్జీ నిండాక కొట్టే పెద్ద దెబ్బ, వేస్తారు, ఒకసారి దంచేస్తాది. ఇంకోసారి అదే శత్రువు, అదే ఆయుధం, అవే ఆర్టిఫాక్ట్‌లు (బలం కోసం ఒంటికి తొడిగే ముక్కలు), సగం కూడా కొట్టదు. ఏటి తేడా? లక్కు కాదు గురూ, క్రిట్, అంటే అప్పుడప్పుడు పడే గట్టి దెబ్బ, పడకపోవడం ఒక్కటే కూడా కాదు. బర్స్ట్‌ల వరస తప్పింది. అంతే.

టీమ్ ఏటో తెలియని వాళ్లకి ముందు రెండు ముక్కలు. నేషనల్ టీమ్ అంటే బెన్నెట్, షియాంగ్‌లింగ్, షింగ్‌చ్యూ. ముగ్గురూ నాలుగు స్టార్ల వాళ్లే. షియాంగ్‌లింగ్ అయితే స్పైరల్ అబిస్ (ఒక్కో ఫ్లోర్ దాటుకుంటూ పోయే పోరాటాల చోటు) మూడో ఫ్లోర్ మూడో ఛాంబర్ దాటితే ఊరికే వస్తాది. 2020లో ఆట విడుదలైనప్పుడే ఉన్న మనుషులు వీళ్లు. ఎన్ని కొత్త పాత్రలొచ్చినా ఈ ముగ్గురి లెక్క ఇంకా పని చేస్తోంది. నాలుగో సీటు సంగతి చివర్లో చూద్దాం.

ఇప్పుడు తెర మీద బెన్నెట్ బర్స్ట్ చూడండి. నేల మీద ఎర్ర చక్రం పడింది కదా, అది 12 సెకన్లు ఉంటాది. అందులో నిలబడ్డవాడికి అటాక్ కలుస్తాది. షియాంగ్‌లింగ్ బర్స్ట్, అదే ఆ నిప్పుల సుడి, 10 సెకన్లు తిరుగుతాది. నాలుగో కాన్‌స్టలేషన్ (అదే పాత్ర మళ్లీ దొరికితే తెరుచుకునే అదనపు బలం) ఉంటే 14. కిటుకంతా ఇక్కడే ఉంది. ఆ సుడి, బటన్ నొక్కిన క్షణంలో షియాంగ్‌లింగ్ అటాక్ ఎంతుందో ఫోటో తీసినట్టు పట్టుకుని, ఆఖరి దెబ్బ దాకా అదే లెక్కతో కొడతాది. దీన్నే స్నాప్‌షాట్ అంటారు. చక్రంలో నిలబడి నొక్కితే, తర్వాత చక్రం ఆరిపోయినా, మీరు బయటికి పరిగెత్తినా, సుడి బలం తగ్గదు. చక్రం బయట నొక్కి తర్వాత లోపలికొస్తే మాత్రం లాభం సున్నా. ఫోటో తీయడం అయిపోయింది మరి.

అందుకే సుడి వేసీసాక ఆ చక్రంలోనే గిరగిరా తిరుగుతూ దెబ్బలు తినక్కర్లేదు. వేసేటప్పుడు లోపలుంటే చాలు.

ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. బెన్నెట్ మొదటి కాన్‌స్టలేషన్ లేనివాళ్లు జాగ్రత్తగా వినండి. లోపలున్నవాడి హెచ్‌పీ 70 శాతం దాటి ఉంటేనే అటాక్ కలుస్తాది. 70, అంతకన్నా తక్కువ ఉంటే వైద్యం మాత్రమే. షియాంగ్‌లింగ్ సగం ప్రాణంతో లోపలికొచ్చి వెంటనే బర్స్ట్ నొక్కితే, ఫోటోలో బెన్నెట్ బలం ఉండదు. ఒకటి రెండు సెకన్లు ఆగి, బార్ 70 దాటాక నొక్కండి. మొదటి కాన్‌స్టలేషన్ వచ్చాక ఈ షరతు పోతాది, పైగా బేస్ అటాక్‌లో ఇంకో 20 శాతం కలుస్తాది.

బేస్ అటాక్ అన్నాను కదా, సగం మంది దెబ్బతినేది ఇక్కడే. బెన్నెట్‌కి అటాక్ శాతం ఆర్టిఫాక్ట్‌లు తొడిగి, బలం ఎక్కువిస్తాడని చూస్తుంటారు. ఇవ్వడు! అతనిచ్చేది తన బేస్ అటాక్‌లో ఒక శాతం. బేస్ అంటే అతని లెవెల్‌దీ, కత్తి లెవెల్‌దీ కలిపి వచ్చే తెల్ల అంకె మాత్రమే. లెవెల్ 90 బెన్నెట్‌కి 191. చేతిలో లెవెల్ 90 ఫెవోనియస్ స్వోర్డ్ ఉంటే దానిది 454. కలిపితే 645. బర్స్ట్ టాలెంట్, అంటే ఆ బర్స్ట్ లెవెల్, 1లో ఉంటే ఇందులో 56 శాతం, అంటే సుమారు 361 అటాక్ ఇస్తాడు. టాలెంట్ 10కి పోతే 100.8 శాతం, అంటే 650. తేడా చూసారా! కత్తిని లెవెల్ 20లో వదిలీసి ఆర్టిఫాక్ట్‌ల మీద రెజిన్ (బహుమతులు తీసుకోడానికి ఖర్చయ్యేది) తగలేస్తే ఈ అంకె కదలదు. ఆర్టిఫాక్ట్‌ల్లో బెన్నెట్‌కి కావాల్సింది ఎనర్జీ రీఛార్జ్ (ఎనర్జీ తొందరగా నింపేది), హెచ్‌పీ. వైద్యం హెచ్‌పీ మీదే నడుస్తాది. నోబ్లెస్ ఆబ్లీజ్ అనే ఆర్టిఫాక్ట్ సెట్ నాలుగు ముక్కలు తొడిగితే, బర్స్ట్ వేసిన దగ్గర్నుంచి 12 సెకన్లు టీమ్ అందరికీ 20 శాతం అటాక్ అదనం. అది కూడా ఫోటోలో పడతాది.

టాలెంట్ పెంచే పుస్తకాలు ఎవరికి ముందు? షియాంగ్‌లింగ్ బర్స్ట్, బెన్నెట్ బర్స్ట్, షింగ్‌చ్యూ బర్స్ట్, ఆ వరసలోనే. తర్వాత షింగ్‌చ్యూ స్కిల్ (ఎనర్జీ అక్కర్లేని చిన్న దెబ్బ), ఆ తర్వాత గువోబా, అంటే షియాంగ్‌లింగ్ స్కిల్. ముగ్గురి నార్మల్ అటాక్‌నీ 1లోనే వదిలీండి, ఒక్క పుస్తకం కూడా పెట్టొద్దు. టాలెంట్ 6కి వెళ్లాలంటే లెవెల్ 60లో అసెన్షన్ (లెవెల్ హద్దు పెంచడం) చేసి ఉండాలి, 8కి 70లో, 10కి 80లో. టాలెంట్‌ని 10కి తీసుకెళ్లే కిరీటం ఒక్కటే ఉంటే షియాంగ్‌లింగ్‌కి పెట్టండి.

సరే, వరస. నోట్ చేసుకోండి.

ముందు షింగ్‌చ్యూ బర్స్ట్, వెంటనే స్కిల్, ఒక నార్మల్ దెబ్బ. శత్రువు తడిసాడు. తర్వాత బెన్నెట్ బర్స్ట్, స్కిల్. ఆ తర్వాత షియాంగ్‌లింగ్ బర్స్ట్, స్కిల్. ఇక మిగిలిన టైమంతా ఎవరో ఒకరితో నార్మల్ అటాక్ కొడుతూ ఉండాలి. షింగ్‌చ్యూ కత్తుల వాన మీరు నార్మల్ కొడితేనే పడతాది. ఊరికే పరిగెడితే వాన లేదు, వాన లేకపోతే తడి లేదు.

తడి ఎందుకంటారా? నీళ్ల మీద నిప్పు పడితే వేపరైజ్, ఆ దెబ్బ ఒకటిన్నర రెట్లు. చాలా దాడుల్లో ప్రతి దెబ్బా ఎలిమెంట్ (నిప్పు, నీళ్లు లాంటిది) అంటించదు, మధ్యలో గ్యాప్ ఉంటాది. నిప్పుల సుడికి ఆ గ్యాప్ లేదు. తగిలిన ప్రతిసారీ అంటిస్తాది. శత్రువు తడిగా ఉన్నంతసేపు ప్రతి దెబ్బా వేపరైజే. అందుకే షింగ్‌చ్యూ ముందు.

మరి బర్స్ట్ తర్వాతే స్కిల్ ఎందుకు? ఎనర్జీ బార్ నిండి ఉన్నప్పుడు స్కిల్ వేస్తే, వచ్చే ఎనర్జీ కణాలన్నీ నిండిన కుండలో పోసిన నీళ్లే. బర్స్ట్ వేసీసి, కుండ ఖాళీ అయ్యాక స్కిల్ వేస్తే అవే కణాలు వచ్చే రౌండుకి పనికొస్తాయి.

షియాంగ్‌లింగ్ బర్స్ట్‌కి 80 ఎనర్జీ కావాలి, అది నిండకే చాలామంది ఏడుస్తారు. లెక్క చూడండి. తన ఎలిమెంట్ కణం ఒకటి తీసుకుంటే, తీసుకునేవాడు బయట ఆడుతుంటే 3, నలుగురి టీమ్‌లో వెనక కూర్చునుంటే 1.8. దీన్ని ఎనర్జీ రీఛార్జ్‌తో హెచ్చిస్తారు. అంటే బెన్నెట్ స్కిల్ తగిలిన వెంటనే, కణాలు గాల్లో ఉండగానే షియాంగ్‌లింగ్‌కి మారాలి. కణాలు బెన్నెట్ ఒంట్లో కలిసిపోయాక మారితే 3 రావాల్సిన చోట 1.8 వస్తాది. చక్రం లోపల బెన్నెట్ స్కిల్ కూల్‌డౌన్ (మళ్లీ వేసేదాకా ఆగాల్సిన టైము) సగమైపోతాది కాబట్టి, నార్మల్ కొట్టే టైములో మళ్లీ రెండు మూడు సార్లు బెన్నెట్ స్కిల్, షియాంగ్‌లింగ్, బెన్నెట్ స్కిల్, షియాంగ్‌లింగ్ అని తిప్పండి. బెన్నెట్ స్కిల్ తట్టి వదిలీండి, పట్టుకోకండి. పట్టుకుంటే టైము పోతాది.

షియాంగ్‌లింగ్‌కి ఆయుధం అంటారా, ది క్యాచ్ అనే ఈటె. డబ్బులక్కర్లేదు, ఆటలోని ఇనజుమా దేశంలో చేపలు పట్టి ఇస్తే వస్తాది. రైమేయ్ ఏంజెల్‌ఫిష్ 6, గోల్డెన్ కోయ్ 20, రస్టీ కోయ్ 20. ఆ ఏంజెల్‌ఫిష్ ఆటలో సాయంత్రం 6 నుంచి ఉదయం 6 మధ్యలోనే దొరుకుతాది. కళింగపట్నం, భావనపాడు వాళ్లకి రాత్రి వేట కొత్తగా నేర్పక్కర్లేదనుకోండి.

ఇప్పుడు అసలు జబ్బు. బెన్నెట్ బర్స్ట్ కూల్‌డౌన్ 15 సెకన్లు. షియాంగ్‌లింగ్, షింగ్‌చ్యూ బర్స్ట్‌లు 20. షింగ్‌చ్యూ స్కిల్ 21. బెన్నెట్ బటన్ అందరికన్నా ముందు వెలుగుతాది, చెయ్యి ఆగదు, నొక్కీస్తాం. ఏటవుతాదో గడియారం పెట్టి చూద్దాం. మొదటి చక్రం 3వ సెకనులో పడిందనుకోండి, 15 దాకా ఉంటాది. వెలగ్గానే నొక్కుకుంటూ పోతే తర్వాతవి 18 నుంచి 30, 33 నుంచి 45, 48 నుంచి 60. షియాంగ్‌లింగ్ సుడి 5లో వేసారు, మళ్లీ 25లో, మళ్లీ 45లో. 5 లోపలే, 25 లోపలే, 45కి చక్రం ఆరిపోయింది! మూడో సుడి బెన్నెట్ లేకుండా పోయింది. రెండు రౌండ్లు బాగా కొట్టి మూడోది తుస్సుమనడానికి కారణం ఇదే. తప్పెటగుళ్లు చూసినవాళ్లకి తెలుసు, గుండె మీద తప్పెట ఎంత బాగా మోగినా ఒకడు దరువు ముందు వేసీస్తే గుంపంతా చెడుతాది. బెన్నెట్‌ని 21 సెకన్ల దరువులో కట్టీండి. వెలిగినా వెలగనీండి.

ఒక్క మినహాయింపు, ప్రాణం పోయేలా ఉంటే వేసీండి. అప్పుడు వరస మొదట్నుంచి ఎత్తుకోవాలి, అంతే.

నాలుగో సీటులో సుక్రోజ్ అనే గాలి పాత్రని పెట్టి, విరిడిసెంట్ వెనెరర్ ఆర్టిఫాక్ట్‌లు నాలుగు ముక్కలు తొడిగితే, ఆమె సుడిగాలి ఏ ఎలిమెంట్‌ని తిప్పిందో ఆ ఎలిమెంట్‌కి శత్రువు నిరోధం 40 శాతం పడిపోతాది, 10 సెకన్లపాటు. ఆమె స్కిల్ బెన్నెట్ తర్వాత, షియాంగ్‌లింగ్ ముందు. కానీ చిక్కేటంటే, ఆ టైముకి శత్రువు మీద నీళ్లే మిగిలుంటే ఆమె నీళ్లని తిప్పుతాది, నిప్పుకి ఒరిగేదేమీ లేదు. తిరిగినప్పుడు వచ్చే అంకె రంగు చూడండి. నీలం వస్తే తప్పు, నారింజ రావాలి. నీలమే వస్తోందా? అయితే షింగ్‌చ్యూని వెనక్కి జరపండి. బెన్నెట్, సుక్రోజ్, షింగ్‌చ్యూ, షియాంగ్‌లింగ్. సుడి కాస్త ఆలస్యంగా పడతాది, 12 సెకన్లలో సరిపోతాది కానీ మధ్యలో తడబడకూడదు.

ఆఖరుగా నెట్ సంగతి. మనిషి నుంచి మనిషికి మారడానికి ఆటలోనే సుమారు 1 సెకను ఆగాలి. దానికి తోడు మన పక్క పింగ్ (నెట్ ఆలస్యం) ఎక్కువున్న రోజు, మారిన వెంటనే కొట్టిన బర్స్ట్ నొక్కు మింగీస్తాది, మీరేమో వేసాననుకుని ముందుకెళ్లిపోతారు. మారాక తెర మీద మనిషి నిలబడ్డాక నొక్కండి, బర్స్ట్ గుర్తు ఆరిపోయిందో లేదో చూసి అప్పుడే తర్వాతి వాడికి మారండి. సాయంత్రం అందరూ నెట్ మీదున్నప్పుడు కన్నా పొద్దున్న పూట అబిస్ పన్నెండో ఫ్లోర్ ఎక్కితే ఈ తంటా తక్కువ.