గండికోట లోయ, బెలుం గుహలు: రెండు రోజుల్లో నడిచి చూసే పద్ధతి

అందరికీ నమస్కారం. రాయలసీమలోని గండికోట లోయను, బెలుం గుహలను రెండు రోజుల్లో ఎలా చూడాలో, ఎక్కడ నడవాలో, ఎక్కడ ఆగాలో ఈ వీడియోలో వివరిస్తాను. గండికోట వైఎస్సార్ కడప జిల్లాలోనూ, బెలుం నంద్యాల జిల్లాలోనూ ఉన్నాయి. రెండింటి మధ్య రోడ్డు దూరం సుమారు 60 కిలోమీటర్లు. చాలామంది వీటిని సంబంధం లేని రెండు వింతలుగా భావించి, రెండు చోట్లా ఫొటోలు తీసుకుని వెనుదిరుగుతారు. నేను మాత్రం వీటిని ఒకే వరుసలో చూడమని చెబుతాను, ఎందుకంటే రెండూ నీరు చేసిన పనులే: ఒకచోట నీరు గట్టి రాయిని కోసింది, మరొకచోట సున్నపురాయిని కరిగించింది.

ముందుగా కాలం సంగతి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ ప్రాంతంలో నడకకు అనుకూలంగా ఉంటుంది. ఎండాకాలంలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. పైగా లోయ అంచున నీడనిచ్చే చెట్లు తక్కువ కాబట్టి, కాలిన బండల మీద నిలబడటమే కష్టమవుతుంది. అడుగు జారని బూట్లు, మనిషికి కనీసం రెండు లీటర్ల నీరు, టోపీ, ఒక టార్చిలైటు తప్పనిసరిగా వెంట ఉంచుకోండి. గండికోటకు జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు ప్రయాణించాలి. వీలైతే మొదటి రోజు సాయంత్రానికే చేరుకుని, ఆ రాత్రి అక్కడే బస చేయండి.

ఇప్పుడు తెర మీద కోట కనిపిస్తోంది. ఈ ఊరి పేరులోనే ఈ స్థలం గుట్టు ఉంది. చెరువు కట్ట తెగితే గండి పడిందని అంటాం కదా, అలాగే ఎర్రమల కొండలకు పెన్నా నది కొట్టిన గండి ఇది. ఆ గండి ఒకవైపు సహజమైన కందకంగా ఉపయోగపడటం వల్లనే దాని అంచున కోట వెలసింది. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోట 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి చిక్కింది. లోపల మాధవరాయ స్వామి, రంగనాథ స్వామి ఆలయాలు, జామియా మసీదు, దాని పక్కనే పెద్ద ధాన్యాగారం ఉన్నాయి. ఇవి విడిగా ఒక వీడియోకు సరిపడే విషయాలు కాబట్టి, ఈ రోజు వీటిని దాటుకుని నేరుగా లోయ అంచుకు నడుద్దాం.

అంచుకు చేరగానే అందరూ సూర్యోదయం కోసం ఎదురుచూస్తారు. సూర్యోదయం అందమైనదే, కాదనను. అయితే ఆ వేళ లోయ అడుగు ఇంకా నీడలోనే ఉంటుంది, నది నల్లటి గీతలా మాత్రమే కనిపిస్తుంది. జనం ఫొటోలు తీసుకుని టిఫిన్లకు వెళ్లిపోయాక మరో గంట, గంటన్నర అక్కడే కూర్చోండి. ఎండ గోడల మీదుగా కిందికి దిగేకొద్దీ రాతి పొరలు ఒక్కొక్కటిగా వెలుగులోకి వస్తాయి, నీటి రంగు మారుతుంది. నా దృష్టిలో గండికోటను నిజంగా చూడవలసిన సమయం అదే.

ఆ పొరలను ఎలా చదవాలో చెబుతాను. వంద కోట్ల ఏళ్లకు పైబడిన పూర్వకాలంలో ఈ ప్రాంతం నీటి కింద ఉండేది. అప్పుడు పేరుకున్న ఇసుక గట్టిపడి రాయిగా మారి, కాలక్రమంలో మరింత బిగుసుకుని క్వార్ట్‌జైట్ అయింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతికి గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు పెట్టారు. ఇది కడప పేరుతోనే పిలిచే పెద్ద శిలా సముదాయంలో భాగం. ఎదుటి గోడను నిదానంగా గమనించండి. అడ్డంగా సాగే గీతలు ఇసుక పొరలుగా పేరుకున్న నాటి హద్దులు, నిలువుగా దిగే గీతలు తరువాత రాయి పగిలినప్పుడు ఏర్పడిన చీలికలు. ఈ రెండు రకాల గీతలూ కలిసే చోట రాయి చతురస్రపు దిమ్మెలుగా విడిపోతుంది, అందుకే ఈ గోడ ఎవరో తాపీమేస్త్రి దిమ్మె మీద దిమ్మె పేర్చి కట్టినట్లు కనిపిస్తుంది. నది అడుగున కోస్తూ పోతుంటే, ఆధారం కోల్పోయిన దిమ్మెలు పై నుంచి విరిగి పడుతుంటాయి. గోడలు వాలుగా కాక నిటారుగా నిలబడటానికి కారణం ఇదే. మీరు నిలబడిన బండల మీద కూడా వెతికి చూడండి, కొన్ని పలకల మీద ఏటి ఇసుకలో కనిపించే అలల మడతలు రాయిగా మిగిలి ఉంటాయి.

దీనిని భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అని పిలవడం ఒక అలవాటైంది. అమెరికాలోని ఆ లోయ లోతు కొన్నిచోట్ల 1,800 మీటర్లు దాటుతుంది, గండికోట లోయ లోతు సుమారు 300 అడుగులు. ఆ పోలికతో వచ్చినవారు చిన్నబోతారు, పెన్నను పెన్నగా చూడటానికి వచ్చినవారు తృప్తిగా వెళతారు.

జాగ్రత్తల విషయంలో కొంత కఠినంగానే చెప్పవలసి ఉంది. అంచు పొడవునా కంచె ఉండదు. నేను పైన వివరించిన దిమ్మెలు ఈ రోజుకూ కదులుతూనే ఉన్నాయి కాబట్టి, చీలికకు అవతల వేలాడే బండ ఎంత గట్టిగా కనిపించినా దాని మీదికి వెళ్లకండి. అంచుకు కనీసం రెండు బారల దూరం పాటించండి. సెల్ఫీ తీసుకునేటప్పుడు వెనక్కి అడుగు వేయకండి. వాన పడిన రోజున నున్నటి బండలు పాకుడు పట్టిన మెట్లలా జారుతాయి, ఆ రోజు ఆలయాలు చూసి సరిపెట్టుకోండి. నది దగ్గరికి దిగాలనుకునేవారు స్థానికులను వెంటబెట్టుకునే దిగాలి. కింద నీరు నిలకడగా కనిపించినా ఈత కొట్టవద్దు. దిగువన మైలవరం జలాశయం, ఎగువన గండికోట ప్రాజెక్టు ఉండటంతో నీటి మట్టం మారుతూ ఉంటుంది. కయాక్ పడవ ఎక్కితే, ఈత వచ్చినవారు కూడా లైఫ్ జాకెట్ వేసుకోవలసిందే. గుడారాల్లో రాత్రి గడిపేవారు చీకటి పడ్డాక అంచు వైపు అసలు వెళ్లకూడదు.

రెండో రోజు ఉదయం ఆ వెలుగు చూశాక బెలుంకు బయలుదేరండి. ఈ గుహలు కొలిమిగుండ్ల మండలంలో, చదునైన పొలాల కింద ఉన్నాయి. కొండ ఎక్కడా కనిపించదు, అందువల్ల మొదటిసారి వచ్చినవారు దారి తప్పామేమోనని అనుమానపడతారు. నేలలో బావుల వంటి గుంతలు ఉంటాయి, అందులో ఒక దాని గుండా మెట్లు దిగి లోపలికి వెళ్లాలి. బిలం అనే మాటే బెలుం అయిందని చెబుతారు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ గుహల గురించి నమోదు చేశారు, దాదాపు వందేళ్ల తరువాత 1982, 83 సంవత్సరాల్లో జర్మన్ గుహాన్వేషకులు లోపల కొలతలు తీశారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు కాగా, సుమారు ఒకటిన్నర కిలోమీటరు మేర సందర్శకులను అనుమతిస్తారు.

ఇక్కడి రాయి వేరు. మన ఇళ్లలో వంటగట్టుకు వేసే నల్లని కడప బండ గుర్తుందా? బెలుంలో నీరు తొలిచింది ఆ జాతి సున్నపురాయినే. వాన నీరు గాలి నుంచి, మట్టి నుంచి కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొద్దిగా ఆమ్లమవుతుంది. ఆ నీరు సున్నపురాతి సందుల్లోకి దిగి దానిని మెల్లమెల్లగా కరిగిస్తుంది. వంటగట్టు మీద నిమ్మరసం ఒలికి మరక పడితే, అదే మార్పు చిన్న ఎత్తున మీ కళ్ల ముందు జరిగినట్లే. గండికోట గోడల్లో మూలలు, కోణాలు కనిపించాయి. ఇక్కడి గోడల మీద చేయి జారిపోయేంత నునుపైన వంపులు ఉంటాయి. గుహలో కోటిలింగాలు అని పిలిచే చోట మాత్రం నీరు ఎదురు పని చేసింది: తనలో కరిగిన సున్నాన్ని బొట్టు బొట్టుగా వదిలి, పైకప్పు నుంచి లింగాల వంటి ఆకారాలను దించింది. వీటిని తాకవద్దు, తట్టి శబ్దం వినాలని ప్రయత్నించవద్దు. చేతి జిడ్డు అంటినచోట ఆ పెరుగుదల ఆగిపోతుంది.

లోపల దీపాలు ఉన్నా, ఉక్క ఎక్కువ. ఉబ్బసం ఉన్నవారు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు ముందుగానే ఆలోచించుకుని దిగాలి. కొన్నిచోట్ల నడుము వంచి నడవాలి కాబట్టి బరువైన సంచులు పైనే వదిలేయండి. చివరకు అన్నిటికన్నా లోతైన పాతాళగంగకు చేరతారు. అక్కడ ఒక సన్నని పాయ రాతి మీదుగా పారి నేలలోకి మాయమవుతుంది. కెమెరా పక్కన పెట్టి, మాటలాపి, రెండు నిమిషాలు ఆ చప్పుడు వినండి.

పైకి వచ్చాక సమయం మిగిలితే, సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని తాడిపత్రి వైపు వెళ్లండి. గండికోటకు ఎగువన, పెన్న ఒడ్డునే బుగ్గ రామలింగేశ్వరాలయం ఉంది. బుగ్గ అంటే ఊట. అక్కడ గర్భగుడిలో లింగం వద్ద నేల నుంచి నీరు పైకి ఉబుకుతుంది.