తాడు లాగినా కదలని ఇంజను

శ్రోతలకు నమస్కారం. తొలకరి పడి నాలుగు వారాలు తిరిగేసరికి గుంటూరు చుట్టుపక్కల పొలం గట్ల మీద, విజయవాడ పెరళ్లలో గడ్డి మోకాలెత్తున లేస్తుంది. అంతవరకు కొట్టంలో మూలన పడి ఉన్న గడ్డి కోసే మిషనును, మిరప తోటకు మందు కొట్టే పవర్ స్ప్రేయరును అప్పుడు బయటికి తీసి తాడు లాగుతారు. ఒక్కోసారి ఆ తాడు అసలు కదలదు, ఒక్కోసారి జానెడు వచ్చి ఆగిపోతుంది, మరోసారి మొత్తం బయటికి వచ్చి వెనక్కి పోకుండా వేలాడుతుంది. ఇరవై ఏళ్లుగా గుంటూరులో ఈ చిన్న పెట్రోలు ఇంజన్లు బాగుచేసుకుంటూ బతుకుతున్న నేను, ఈ పూట ఆ తాడు గురించే మాట్లాడదలచుకున్నాను.

ముందుగా మనవి చేసేది ఇది. ఇరుక్కున్న తాడును బలం పెట్టి లాగవద్దు. మిషనును కాలితో తొక్కిపట్టి లాగగా లాగగా పిడి ఊడి చేతికి వచ్చినవి నా దగ్గరికి ఏటా వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావరకు మొదట గంటలోపు పనితో తేలిపోయేవే. మొండిగా లాగినందువల్ల లోపలి గిలక పగిలి, స్ప్రింగు తెగి, స్టార్టరు మొత్తం కొత్తది వేయవలసి వచ్చింది.

తాడు బయటికి వచ్చే ఆ స్టార్టరు మూత లోపల ఉన్నది పెద్ద రహస్యమేమీ కాదు. నూతి గిలకకు చేంతాడు చుట్టినట్టు ఒక ప్లాస్టిక్ గిలకకు నైలాను తాడు చుట్టి ఉంటుంది. గిలక అడుగున, జిలేబీ చుట్టలా, పలుచని ఉక్కు పట్టీతో చేసిన స్ప్రింగు ఉంటుంది. మనం తాడు లాగితే గిలక తిరిగి, దాని నాలుకలు ఇంజను చక్రాన్ని పట్టుకుని తిప్పుతాయి. వదిలితే స్ప్రింగు తాడును తిరిగి చుట్టుకుంటుంది. చేంతాడు గిలక దిగి పక్క సందులో పడితే బిందె మధ్యలో ఆగిపోవడం పాతకాలపు వాళ్లందరూ చూసిందే. ఇక్కడ జరిగేదీ అదే.

పట్టింది తాడా, ఇంజనా అన్నది ముందు తేల్చుకోవాలి. పెట్రోలును అంటించే స్పార్క్ ప్లగ్గు మీది టోపీ పీకి పక్కకు పెట్టి, స్టార్టరు మూతకు ఉన్న మూడు నాలుగు స్క్రూలు విప్పి, తాడుతో సహా మూతను ఇంజను నుంచి వేరు చేయండి. ఇప్పుడు మూతను చేతిలో పట్టుకుని తాడు లాగితే హాయిగా వచ్చి వెనక్కి పోతోందంటే తప్పు ఇంజనుది. అప్పుడు ప్లగ్గు కూడా విప్పి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. ప్లగ్గు తీయగానే చక్రం తిరిగితే సిలిండరులోకి పెట్రోలు నిండి పట్టిందని అర్థం; నిప్పుకు దూరంగా, మొహం పక్కకు తిప్పుకుని, మిషనును వంచి ఆ పెట్రోలును ఒంపేయవచ్చు. అప్పటికీ తిరగకపోతే పిస్టను పట్టేసిందేమోనని అనుమానించాలి. టూ స్ట్రోక్ ఇంజనులో ఆయిలు కలపకుండా వట్టి పెట్రోలు పోస్తే జరిగేది ఇదే. కంపెనీ పుస్తకాన్ని బట్టి లీటరుకు 20 మిల్లీలీటర్లో 40 మిల్లీలీటర్లో కలపవలసి ఉంటుంది. పట్టేసిన ఇంజనును ఇంట్లో విప్పకుండా మెకానిక్కు దగ్గరికి తీసుకువెళ్లండి.

మూత విడిగా ఉన్నా తాడు కదలకపోతే జబ్బు స్టార్టరులోనే ఉంది. పోయిన ఏడు దుగ్గిరాల వైపు నుంచి ఒక పసుపు రైతు కొడుకు మిషను తెచ్చాడు. మూత బోర్లించి చూస్తే, తాడు బయటికి వచ్చే రంధ్రం దగ్గర పీచు లేచి ఉంది. అందులో వేలెడు పోగు ఒకటి గిలకకూ గోడకూ మధ్య సందులోకి దూరి, రాపిడికి కరిగి, గోధుమరంగు పూసలా గట్టిపడింది. మిషనును భుజాన తగిలించుకుని తాడును పక్కకు లాగడం ఆ అబ్బాయి అలవాటు. ఏ తాడైనా రంధ్రం అంచుకు ఒరుసుకుంటే పీచు లేవక మానదు. బ్లేడుతో ఆ పూసను కోసి, పట్టకారుతో పోగు లాగేశాక గిలక తిరిగింది.

పీచు లేచిన తాడును మళ్లీ వాడవద్దు. కొత్త తాడు పాతదాని మందమే ఉండాలి. ఈ చిన్న మిషన్లకు 3 నుంచి 4 మిల్లీమీటర్లు సరిపోతుంది. గట్టిగా ఉంటుందని లావు తాడు వేస్తే అది గిలక గాడిలో పట్టక పొంగి, మళ్లీ అదే సందులో పడుతుంది. పాత తాడు పక్కన పెట్టి అంతే పొడవు కోసి, కొనలను కొవ్వొత్తి మంటకు కరిగించి ముడి వేయాలి.

గిలకను పైకి తీయవలసి వస్తే కళ్లద్దాలు, చేతులకు తోలు తొడుగులు తప్పనిసరి. అడుగున ముడుచుకున్న స్ప్రింగు ఒక్కసారిగా ఎగిరితే చేయి కోస్తుంది, కంటికి తగిలితే చూపే పోవచ్చు. స్ప్రింగు చెదరకుండా ఉంటే దాని జోలికి పోకపోవడం మంచిది.

తాడు చుట్టాక స్ప్రింగుకు ముందుగానే కొంత బిగువు ఇవ్వాలి. తాడును గిలక అంచున ఉన్న గంటులో తగిలించి, తాడు లాగినప్పుడు గిలక తిరిగే వైపుకే, మిషనును బట్టి రెండు మూడు నుంచి ఆరు చుట్ల వరకు తిప్పి, తాడును గంటు నుంచి విడిపించి మెల్లగా లోపలికి పోనివ్వాలి. బిగువు చాలకపోతే పిడి వేలాడుతుంది. ఎక్కువైతే స్ప్రింగు తెగుతుంది. తాడు పూర్తిగా లాగిన తరువాత కూడా గిలక మరో అర చుట్టు తిరగగలిగితే బిగువు సరిగ్గా ఉన్నట్టు.

నాలుకలకు మట్టి పట్టి ఉంటే పెట్రోలులో ముంచిన కుంచెతో తుడిచి, ఇరుసుకు ఒక్క చుక్క ఆయిలు వేయండి. గ్రీజు పులిమితే గడ్డి పొడి అంటుకుని మళ్లీ బిగుసుకుంటాయి.

మూత బిగించేటప్పుడు స్క్రూలు సగం వరకే బిగించి, తాడును కాస్త లాగండి. నాలుకలు పట్టుకుని మూత తన చోట కూర్చుంటుంది, అప్పుడు ఎదురెదురు స్క్రూలను ఒకదాని తరువాత ఒకటి గట్టిగా బిగించండి. ప్లగ్గు టోపీ తొడిగి, మిషనును నేల మీద పెట్టి, బరువు తగిలేదాకా తాడును నిదానంగా లాగి, అక్కడి నుంచి ఒక్క ఊపున నిటారుగా లాగండి. ఇంజను అందుకున్నా పిడిని గాలికి వదలకుండా, చేత్తోనే దాని చోటికి చేర్చండి.