పేలు పడితే గుండేనా? వృద్ధాశ్రమం నర్సుతో మాటామంతీ

హోస్ట్: నమస్కారం. ఇవాళ మనతో వృద్ధాశ్రమంలో పనిచేసే సిస్టర్ ఉన్నారు. సిస్టర్, పేలంటే బడిపిల్లల గొడవ కదా, పెద్దవాళ్ల దగ్గరికి ఎలా వచ్చాయి?

సిస్టర్: ఆదివారం మనవరాలు వస్తుంది కదండీ, అమ్మమ్మ తలకి తల ఆనించి ఫోన్లో ఫొటోలు చూపిస్తుంది. పేను ఎగరదు, దూకదు. తలా తలా తగిలితే పాకుతుంది, అంతే. మంచం మీంచి లేవదీసేటప్పుడు మా ఆయాల తలలూ తగులుతాయి.

హోస్ట్: దురదగా ఉందని ఆవిడే చెప్పదా?

సిస్టర్: మొదటిసారి పడితే దురద మొదలవడానికే 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. మతిమరుపు జబ్బున్నవాళ్లయితే చెప్పలేరు. చిరాకు పడతారు, నిద్రపోరు. మనమేమో అదంతా జబ్బు ఖాతాలో వేసేస్తాం! అందుకే రోజూ తల దువ్వే ఆయా కన్ను ముఖ్యం. చెవుల వెనక, మెడ మీద చూడాలి. తెల్లజుట్టులో ఈపులు చుండ్రులా ఉంటాయి. దులిపితే చుండ్రు రాలుతుంది, ఈపి కదలదు.

హోస్ట్: గుండు చేయించేస్తే ఒక్కరోజులో పోతుందిగా?

సిస్టర్: అదిగో, ఆ మాటకే నాకు ఒళ్లు మండుతుంది. మొగుడు పోయిన ఆడదానికి బలవంతాన జుట్టు తీయించిన రోజుల గురించి ఇంట్లో విని పెరిగినవాళ్లండీ వీళ్లు. తిరుమలలో తలనీలాలిస్తానంటే అది ఆవిడ మొక్కు, ఆవిడ ఇష్టం. మన పని తేలికవ్వాలని మంగలిని పిలవడం వేరు.

హోస్ట్: మరి ఏం చేస్తారు?

సిస్టర్: ఒక్కరికి కనిపించినా ఆ రోజే అందరి తలలూ చూస్తాం, స్టాఫువి కూడా. పేలున్నవాళ్లందరికీ ఒకే రోజు మందు. డాక్టర్లు ఎక్కువగా రాసేది 1 శాతం పెర్మెత్రిన్. కండిషనర్ లేకుండా తలంటి, తుడిచి, ఆ తడిమీదే పట్టించి 10 నిమిషాలకి కడిగేయాలి. అది ఈపుల్ని చంపదు, కాబట్టి అవి పిల్లలయ్యాక, 9వ రోజున మళ్లీ పట్టించాలి. చాలాచోట్ల పని చెడేది ఇక్కడే. షిఫ్టులు మారతాయి, రెండో విడత ఎవరికీ గుర్తుండదు. మేమైతే మొదటిరోజే మందుల చార్టులో ఆ తేదీ వేసేస్తాం. మధ్యలో తడిజుట్టు మీద పేల దువ్వెన.

హోస్ట్: మా ఊళ్లో కిరోసిన్ రాసేవాళ్లు...

సిస్టర్: దీపం దగ్గర కూర్చునే మనిషి తలకా! వద్దు బాబూ. పాతకాలపు పేలమందు లిండేన్ కూడా వద్దు, ముసలివాళ్లకి ఫిట్స్ తెప్పించగలదు.

హోస్ట్: మంచాలు, పరుపులు?

సిస్టర్: తల వదిలిన పేను ఒకటి రెండు రోజులకి మించి బతకదు. మందు పట్టించడానికి ముందు రెండు రోజుల్లో వాడిన దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతికితే చాలు. గదంతా మందు కొట్టడం దండగ, ముసలివాళ్లకి దగ్గు తప్ప ఏం రాదు.

హోస్ట్: ఇంటివాళ్లకి చెప్తారా?

సిస్టర్: చెప్పకపోతే ఎలా? "నెలనెలా డబ్బు కడుతున్నాం, తలస్నానం కూడా చేయించట్లేదా?" అని గయ్‌మంటారు కొందరు. శుభ్రంగా ఉన్న తలకీ పడతాయండీ అని చెప్పి, ముందు మీ పిల్లల తలలు చూసి అప్పుడు రమ్మంటాను.